పక్క బల్ల మీది ఫోను

మాదాపూర్‌లో నేను కూర్చునే ఉమ్మడి కార్యాలయంలో ఐదు చిన్న సంస్థలకు చెందిన ఇరవై ఇద్దరం ఒకే హాలులో పని చేస్తాము. నాది జీఎస్‌టీ రిటర్నుల పని కనుక నెలలో 11వ తేదీ, 20వ తేదీ దగ్గరపడే కొద్దీ పక్కవారి దగ్గు కూడా నాకు పెద్దదిగానే వినిపిస్తుంది. అయితే గత వేసవిలో నన్ను విసిగించినవి ఫోన్లు.

నా ఎడమ పక్కన బీమా పని చూసే పెద్దాయన తన ఫోనును బల్ల మీద బోర్లించి ఇరానీ చాయ్ తాగడానికి వెళ్లేవారు. ఆయన లేనప్పుడు అది మోగిందంటే ముందు ఒక భక్తిగీతం పల్లవి వినిపించేది, దానితోపాటే వచ్చే వైబ్రేషన్‌కు పలుచని ప్లైవుడ్ బల్ల మొత్తం బుర్రుమనేది, చివరకు నా స్టీలు గ్లాసు పెన్నుల డబ్బాకు తగిలి టకటకలాడేది. వెనుక వరుసలోని కుర్రాళ్లు వాట్సాప్ వాయిస్ మెసేజీలను స్పీకరులోనే వినేవారు. ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుకుంటే నాకు అంత ఇబ్బంది ఉండదు గాని, ఫోనులో ఒకవైపు మాటే వినపడితే అవతలివారి జవాబు ఏమై ఉంటుందోనని మనసు తనంతట తాను వెతుక్కుంటూ పోతుంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రయోగం చేసి చెప్పినది కూడా ఇదే. "అయితే ఆ సంబంధం చెడగొట్టింది ఎవరు?" అన్న మాట చెవిన పడిన రోజు నేను ఒకే ఇన్వాయిసును రెండుసార్లు ఎక్కించాను.

మొదట బయటి శబ్దాన్ని అణచే హెడ్‌ఫోన్లు కొన్నాను. ఆ తర్వాత ఒప్పందపత్రం తిరగేస్తే పార్కింగు గురించీ ఫ్రిజ్ గురించీ నిబంధనలు ఉన్నాయి గాని ఫోను ఊసే లేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు వాణిజ్య ప్రాంతానికి పగటిపూట 65 డెసిబెల్సు పరిమితి పెట్టాయి కదా అని ఫోనులోని యాప్‌తో కొలిచాను. అవి బయటి పరిసరాలకే తప్ప హాలు లోపలికి వర్తించవని చదివాక నా అత్యుత్సాహానికి నాకే నవ్వు వచ్చింది. మేనేజరుకు చెబితే, "ఫోను లేకపోతే వాళ్ల వ్యాపారమే నడవదు సార్, ఒకసారి మీరే మాట్లాడి చూడండి" అన్నారు.

రెండు రోజులు తటపటాయించి, చాయ్ దగ్గర పెద్దాయనతో విషయం చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు. "సైలెంటులో పెడతాను బాబూ. కాని మీరు క్లయింట్లతో మాట్లాడుతుంటే మెట్ల దగ్గరికి వినిపిస్తోంది, అది మీకెవరూ చెప్పలేదా?" అన్నారు. పక్కనే ఉన్న కుర్రాళ్లు నవ్వు ఆపుకోవడానికి గ్లాసుల్లోకి చూశారు.

కారణం నా హెడ్‌ఫోన్లే. రెండు చెవులూ మూసుకోవడంతో నా గొంతు నాకే సరిగా వినిపించక, నాకు తెలియకుండానే స్వరం పెంచేస్తున్నాను. ఇప్పుడు మాట్లాడేటప్పుడు ఒక చెవి ఖాళీగా ఉంచుతున్నాను.

కుర్రాళ్లు ఇయర్‌ఫోన్లు తెచ్చుకున్నారు, అయినా వారానికొకసారి మరచిపోతూనే ఉంటారు. పెద్దాయన ఫోను కింద మడత పెట్టిన దస్తీ పరుస్తున్నారు. బుర్రుమనడం దాదాపు పోయింది. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లతో నిండిపోయిన ఫోను గదిని మేనేజరు ఖాళీ చేయించారు. క్లయింట్ల కాల్సు నేను అక్కడే మాట్లాడుతున్నాను. అందులో ఫ్యాను లేదు కనుక అవి నాలుగైదు నిమిషాలు దాటడం లేదు.