ఐదు వారాల వేసవి బడి: జనవరి నుంచి పట్టిన పని

డాలస్ పక్కన ఒక ఊళ్లో స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసులో, అంటే అక్కడి ప్రభుత్వ బడులన్నిటినీ నడిపే ఆఫీసులో, పనిచేస్తాను. ఎలిమెంటరీ పిల్లల సమ్మర్ ప్రోగ్రాం ప్లానింగ్ నా చేతికి వచ్చేసరికి కోవిడ్ డబ్బు అయిపోయింది. 2021 నాటి కోవిడ్ సాయం చట్టం అమెరికన్ రెస్క్యూ ప్లాన్‌లో డిస్ట్రిక్టులు తమ వాటాలో కనీసం 20 శాతం పిల్లలు కోల్పోయిన చదువు పూడ్చడానికే వాడాలన్న నియమం ఉండేది, సమ్మర్ ప్రోగ్రాంలకు అదే ఆధారం. ఆ గడువు 2024 సెప్టెంబర్‌తో ముగిసింది. ఇక మిగిలింది టైటిల్ వన్ డబ్బు (పేద పిల్లలు ఎక్కువున్న బడులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చేది), మా సొంత బడ్జెట్. ఎవరికీ కోపం రాకుండా అన్ని స్కూళ్లలో రెండేసి వారాలు నడిపేద్దామని కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు. తక్కువ స్కూళ్లలోనైనా సరే, ఐదు వారాలు గట్టిగా నడపాల్సిందే అన్నాను.

ఊరికే అనలేదు. బోస్టన్, డాలస్, జాక్సన్‌విల్, పిట్స్‌బర్గ్, రోచెస్టర్‌లలో వాలెస్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ 2011లో మొదలుపెట్టిన వేసవి చదువుల ప్రాజెక్టును రాండ్ అనే పరిశోధన సంస్థ ఏళ్ల తరబడి పరిశీలించింది. అందులో తేలిందేమిటంటే, సీటు వచ్చినంత మాత్రాన ఒరిగేది తక్కువ. లాభం స్పష్టంగా కనిపించింది 20 రోజులు, ఆపైన వచ్చిన పిల్లల్లో. రెండు వారాలంటే పది రోజులే కదా, మరి ఆ 20 ఎక్కణ్ణుంచి వస్తాయి? మీటింగ్‌లో ఈ ఒక్క ప్రశ్నతోనే వాదన తేలిపోయింది.

ప్లానింగ్ జనవరికల్లా మొదలవ్వాలని కూడా రాండ్ వాళ్లే చెప్పారు. మొదటి మీటింగ్‌కి నేను టీచర్లకంటే ముందు మెయింటెనెన్స్ వాళ్లని పిలిచాను. బడులు మూసిన మర్నాటి నుంచి వాళ్లు డెస్కులన్నీ వరండాలోకి లాగేసి, నేల మీద పాత వ్యాక్స్ గీకి కొత్తది వేస్తారు, ఆరేదాకా అటు ఎవరూ కాలు పెట్టకూడదు. ఏసీ రిపేర్లూ అప్పుడే. టెక్సాస్ జూన్ ఎండలో ఏసీ లేని బిల్డింగ్‌లో పిల్లల్ని కూర్చోబెట్టలేం. అందుకే ఏ స్కూళ్లు తెరవాలన్నది సగం వాళ్ల క్యాలెండరే తేల్చింది. బస్సులు, నర్సు, వంటగది ఆ తర్వాత. ఫ్రీ లంచ్ తీసుకునే పిల్లలు ఎక్కువున్న ప్రాంతాలు కాబట్టి ఫెడరల్ ప్రభుత్వం ఖర్చు భరించే సమ్మర్ మీల్స్ వచ్చాయి, 18 ఏళ్ల వయసు దాకా ఎవరొచ్చినా ఉచితంగా భోజనం పెట్టొచ్చు.

నేను ఎక్కువసేపు కూర్చున్నది టైంటేబుల్ మీద. ఎనిమిది నుంచి పన్నెండు దాకా అని రాస్తే నాలుగు గంటల చదువులాగే కనిపిస్తుంది. ప్రిన్సిపాళ్లతో కూర్చుని నిమిషాలు రాసుకుంటూ పోతే బస్సు దిగడం, బ్రేక్‌ఫాస్ట్, హాజరు, బాత్రూం లైను, జిమ్‌కి నడక, మళ్లీ వెనక్కి, ఇవన్నీ పోను మూడు గంటలు కూడా మిగల్లేదు! బ్రేక్‌ఫాస్ట్ ఎనిమిదిలోపే అయ్యేలా బస్సుల టైం ముందుకు జరిపించాం, క్లాసులన్నీ ఒకే వరండా వెంట ఉన్న గదుల్లోకి తెచ్చాం, అప్పుడు లెక్కలకీ చదవడానికీ కలిపి నికరంగా మూడు గంటలు వచ్చింది. మధ్యాహ్నం మాత్రం చెస్, బొమ్మలు, ఈత. వాటిని తగ్గించి ఇంకాస్త లెక్కలు చెప్పొచ్చు కదా అన్నవాళ్లున్నారు, కానీ ఎనిమిదేళ్ల పిల్లవాడు పొద్దున్నే లేచి బస్సెక్కేది ఆ ఈత కోసమే.

టీచర్ల విషయంలోనూ గట్టిగానే ఉన్నాను. సీనియారిటీని బట్టి కాకుండా, ఆ తరగతి ఆ ఏడాది చెప్పినవాళ్లకే మొదటి అవకాశం. క్లాసుకి పదిహేను మందికి మించనివ్వలేదు.

అన్నిటికంటే టెన్షన్ పెట్టింది అటెండెన్స్. జూన్ మొదటి వారం నుంచి ఐదు వారాలంటే 25 రోజులు, 19న జూన్‌టీన్త్ (బానిసత్వం అంతమైనందుకు గుర్తుగా ఇచ్చే సెలవు), జూలై 4 సెలవు పోతే 23. ఒక్క వారం మానేస్తే 20కి లోపే పడిపోతారు. పేర్లు రాయించి రానివాళ్లు ఎక్కడైనా ఉంటారు, అందుకని ఏప్రిల్ నుంచే పిల్లలకు తెలిసిన టీచర్లతో ఇళ్లకు ఫోన్లు చేయించాం, స్పానిష్‌లో మాట్లాడగలవాళ్లని విడిగా పెట్టాం. తెలుగు ఇళ్లకి నేనే చేశాను. ఒకావిడ, "జూన్ మధ్యలో ఇండియా వెళ్తున్నామండీ, పేరు మాత్రం ఉంచండి, వెళ్లేదాకా పంపుతాం" అంది. మూడేళ్లయిందట అమ్మమ్మని చూసి. వెళ్లిరండి అన్నాను, సీటు మాత్రం వెయిటింగ్ లిస్టులో ఉన్న పిల్లకి ఇస్తానని నచ్చజెప్పాను. వాళ్లబ్బాయికి ప్రయాణంలో చదువుకోమని పుస్తకాలు పంపించాం.

క్లాసులు మొదలయ్యాక రోజూ తొమ్మిదింటికి ఎవరు రాలేదో లిస్టు నా దగ్గరికి వచ్చేది, పదిలోపు ఆ ఇంటికి ఫోన్ వెళ్లేది. చాలాసార్లు కారణం చిన్నదే, బస్ స్టాప్ ఎక్కడో తెలియకపోవడం, అన్నయ్యకి వేరే టైం ఉండటం, చెప్తే సర్దగలిగేవే.

ఆగస్టులో బోర్డు ముందు పెట్టిన రిపోర్టులో మొదటి పేజీలో ఎంతమంది చేరారన్నది రాయలేదు, 20 రోజులు నిండిన పిల్లలెందరో రాశాను. వచ్చే ఏడాదికీ ఐదు వారాలే ఖాయం చేశారు. ఊరికి అవతలి వైపు ఇంకో స్కూలు కూడా తెరవమని అడిగాను, దానికి బస్సుల ఖర్చు లెక్క చూపించమన్నారు, ఇప్పుడు ఆ పనిమీదే ఉన్నాను.