ఓల్డ్ జో క్లార్క్‌ను ఆది తాళంలో కూర్చోబెట్టిన మూడు నెలలు

భీమవరంలో చిన్నప్పుడు నాలుగేళ్లపాటు కర్ణాటక వయొలిన్ నేర్చుకుని, ఇంటర్మీడియట్ చదువు వంకతో వదిలేసిన నేను, నలభై దాటిన తరువాత నార్త్ కరోలినాలో మళ్లీ ఒక తీగవాద్యం పట్టుకున్నాను. మేము ఉండే రాలీ ప్రాంతం తీగవాద్యాలతో వేగంగా సాగే అమెరికన్ పల్లె సంగీతమైన బ్లూగ్రాస్‌కు పాత నెలవు. అంతర్జాతీయ బ్లూగ్రాస్ సంఘం వారి వార్షికోత్సవం 2013 నుంచి 2024 వరకు రాలీలోనే జరిగింది. ఆ రోజుల్లో వీధి మలుపుల దగ్గర గుండ్రంగా నిలబడి వాయించేవారిని చూసి, పక్కింటాయన ప్రోత్సాహంతో ఒక మాండలిన్ కొన్నాను. ఆయన డబుల్ బాస్ అనే పెద్ద మంద్రస్వర తీగవాద్యం వాయిస్తారు.

నిరుడు మా ఊరి తెలుగువారి ఉగాది వేడుకలో పన్నెండు నిమిషాలు వాయించమని అడిగినప్పుడు అసలు చిక్కు మొదలైంది. తెలుగువారికి మాండలిన్ అనగానే పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ గారే గుర్తుకు వస్తారు. ఆయన వాయించినది ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మాండలిన్ కాగా, నా దగ్గర ఉన్నది జంట తీగలుగా ఎనిమిది తీగలుండే మామూలు చెక్క వాద్యం. పైగా నాకు వచ్చినవి బ్లూగ్రాస్ బాణీలే. వాటిని ఉన్నవి ఉన్నట్టు వాయిస్తే సభ రెండు నిమిషాలు చప్పట్లు కొట్టి మూడో నిమిషంలో పులిహోర వైపు నడుస్తుందని నాకు తెలుసు. అందుకని ఓల్డ్ జో క్లార్క్ అనే పాత జానపద బాణీని వేరే సంగీత రీతుల్లోకి మార్చి వాయించాలని నిశ్చయించుకున్నాను.

ఇలా మార్చడం అపచారమేమో అన్న సంకోచం కొంత ఉండేది. దానిని తీర్చినది బ్లూగ్రాస్‌కు తండ్రి అనిపించుకున్న బిల్ మన్రో గారి సొంత ఉదాహరణే. ఆయన 1946లో బ్లూ మూన్ ఆఫ్ కెంటకీ పాటను మూడు దెబ్బల వాల్ట్జ్ నడకలో రికార్డు చేశారు. ఎల్విస్ ప్రెస్లీ 1954లో దానిని నాలుగు దెబ్బల నడకలోకి మార్చి ఉరకలెత్తించగా, మన్రో అదే సంవత్సరం తన పాటను మళ్లీ రికార్డు చేస్తూ వాల్ట్జ్‌లో మొదలుపెట్టి మధ్యలో ఆ వేగపు నడకలోకి దూకారు. బాణీ కట్టినవారే అంత ధైర్యం చేసినప్పుడు నాకెందుకు భయమని పని మొదలుపెట్టాను.

లెక్క తేలికగానే కుదిరింది. ఓల్డ్ జో క్లార్క్‌లో రెండు భాగాలుంటాయి. ఒక్కొక్కటి 8 బార్లు (దెబ్బల గుంపులు), బార్‌కు రెండు దెబ్బలు, అంటే భాగానికి 16 దెబ్బలు, ఎనిమిది దెబ్బల ఆది తాళంలో సరిగ్గా రెండు ఆవర్తనాలు. మాండలిన్ తీగలు జి, డి, ఎ, ఇ స్వరాలకు శ్రుతి చేసి ఉంటాయి కనుక, ఎ తీగను షడ్జమంగా పెట్టుకుంటే విడి తీగలే కింది నుంచి వరుసగా నిషాదం, మధ్యమం, షడ్జమం, పంచమం అవుతాయి. బాణీలోని స్వరాలన్నీ హరికాంభోజి అనే మూలరాగ మేళంలోనే ఇమిడిపోయాయి. మొదటి పలుకే ‘పధనిధ పమగ’. ఇంత కలిసివచ్చిన తరువాత ఇక మిగిలింది సాధనే అనుకున్నాను.

మా వీధి చివర ఉండే పదో తరగతి కుర్రవాడు మృదంగానికి ఒప్పుకున్నాడు, పక్కింటాయన బాస్ పట్టారు. మొదటి శనివారం ముగ్గురమూ మా గరాజ్‌లో కూర్చుని వాయించి, ఫోనులో రికార్డు చేసుకుని విన్నాము. రాగమూ తాళమూ తప్పలేదు కానీ, బాణీ మాత్రం ఊరు మారి సామాను ఇంకా విప్పుకోని మనిషిలా బిక్కుబిక్కుమంటూ ఉంది.

కారణం తెలియడానికి రెండు వారాలు పట్టింది. బ్లూగ్రాస్‌లో బాణీ కింద కార్డులు, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు, మారుతూ ఉంటాయి. ఓల్డ్ జో క్లార్క్‌లో నిషాదానికి పట్టు ఇచ్చేది ఎ కార్డు నుంచి జి కార్డుకు దిగే ఆ అడుగే. మా కూర్పులో బాస్ ఆయన షడ్జమం మీదే నిలబడిపోయేసరికి నిషాదం కాలికింద నేల జారిపోయింది. పోనీ కార్డులు వేద్దామంటే, భాగం ముగింపులో వచ్చే ఇ కార్డులో కాకలి నిషాదం ఉంటుంది. హరికాంభోజిది దానికన్నా కొంచెం కింద ఉండే కైశిక నిషాదం. బ్లూగ్రాస్ చెవికి ఆ రెండింటి రాపిడి రుచిగానే ఉంటుంది గానీ, తంబుర పక్కన అది పంటికింద రాయిలా తగిలింది. కనుక నిషాదాన్ని గమకంతోనే, అంటే స్వరాన్ని ఊపి పలికించడంతోనే, నిలబెట్టాలి. ఇక్కడ నా వాద్యం మొండికేసింది. జంట తీగలను పక్కకు లాగితే రెండూ సమానంగా సాగక అపస్వరం పలికేది. తీగను ఆపకుండా మీటుతూ స్వరాన్ని సాగదీద్దామంటే పాత హిందీ సినిమా పాటలో పడవ ప్రయాణంలా తయారయ్యేది. చివరకు విసిగిపోయి ఎ, ఇ జతల్లో ఒక్కొక్క తీగను తీసేశాను. గమకం కొంత పలికింది కానీ వాద్యం గొంతు సగానికి సగం పడిపోయింది. మూడు రోజుల తరువాత ఆ తీగలను మళ్లీ బిగించాను. బిగిస్తుండగా ఇ తీగ ఒకటి తెగి చూపుడు వేలు చీరుకుపోవడంతో ఒక వారం సాధన కూడా పోయింది.

ఆ వారం చేతిలో వాద్యం లేక, బాణీని పాడుకోవలసి వచ్చింది. నిమిషానికి 110 దెబ్బల బ్లూగ్రాస్ వేగం నుంచి 60కి తగ్గించి పాడుతుంటే, రాజమండ్రి నుంచి వచ్చి ఉన్న మృదంగం కుర్రవాడి బామ్మగారు విని, “ఇది ఖమాస్ రాగంలా ఉంది కదా నాయనా, హరికాంభోజి అంటావేం? ఆ మధ్యమం దగ్గర కాసేపు ఆగి చూడు,” అన్నారు. వేలు మానిన తరువాత ఆవిడ చెప్పినట్టే చేశాను. ‘పధనిధ’ అని ఎక్కి నిషాదం మీద బలవంతంగా నిలబడే బదులు, దానిని తాకి దిగి, మధ్యమం మీద విశ్రాంతి తీసుకునేలా మార్చాను. లాగకుండా, వేలిని మెట్టు నుంచి మెట్టుకు జార్చి పలికించాను. బాణీ గుర్తుపట్టేటట్టే ఉంది, కంగారు మాత్రం పోయింది.

తరువాతి ప్రయోగం జమైకా సంగీతమైన రెగ్గే. దానికి ఇంత శ్రమ పడలేదు. బ్లూగ్రాస్‌లో సంప్రదాయంగా డ్రమ్ములు ఉండవు కనుక మాండలినే ఆ పని చేస్తుంది: బాస్ దెబ్బకూ దెబ్బకూ మధ్య కార్డును మీటి, మరుక్షణమే ఎడమ చేతి వేళ్ల పట్టు సడలిస్తే ‘చక్’ మని మోగి ఆగిపోతుంది. దీనిని చాప్ అంటారు. రెగ్గే గిటారు కూడా అలాగే దెబ్బల మధ్యనే తెగ్గొట్టినట్టు మోగుతుంది. కాబట్టి నా కుడిచేయి మార్చుకోవలసినది వేగం ఒక్కటే. చిక్కంతా మిగతా ఇద్దరిదీ. రెగ్గేలో వన్ డ్రాప్ అనే నడకలో నాలుగు దెబ్బల్లో మొదటిదాన్ని ఖాళీగా వదిలి, మూడోదాని మీద బరువు వేస్తారు. ముప్పై ఏళ్లుగా మొదటి దెబ్బ మీద తీగ లాగుతున్న పక్కింటాయన అక్కడ చేయి ఆపుకోలేక, చివరకు ఆ దెబ్బ వచ్చినప్పుడల్లా చేతిని జేబులో పెట్టుకోవడం మొదలుపెట్టారు. సమం (తాళం మొదటి దెబ్బ) దగ్గర ఊరుకోవడం మృదంగం కుర్రవాడికీ కష్టమే అయింది.

మన్రో గారి జెరూసలేమ్ రిడ్జ్‌ను జిప్సీ జాజ్‌లోకి తేవాలని కూడా అనుకున్నాను. నాలుగు భాగాల బాణీ అది. నా చేతికి లొంగలేదు, వదిలేశాను.

ఉగాది నాడు పన్నెండు నిమిషాలూ ఒక్క ఓల్డ్ జో క్లార్క్‌నే వాయించాము: మొదట ఖమాస్ ఛాయలో, తరువాత రెగ్గేలో, చివర అసలు బ్లూగ్రాస్ వేగంతో. రెగ్గే మధ్యలో పక్కింటాయన మొదటి దెబ్బ ఒకసారి వేసేశారు, ముగ్గురమూ నవ్వాము, సభకు ఎందుకో అర్థం కాలేదు. పులిహోర వైపు కొందరు వెళ్లారు కూడా.

ఇప్పటికీ గురువారం సాయంత్రాలు పక్కింటాయనతో కలిసి జామ్‌కు, అంటే నలుగురూ చేరి వాయించుకునే చోటికి, వెళుతున్నాను. ఓల్డ్ జో క్లార్క్ మొదలై గిటారు ఆయన ఇ కార్డు వేసినప్పుడల్లా కాకలి నిషాదం చెవిలో గుచ్చుకుంటుంది. మిగిలినవారికి అది వినిపించదు. నేను తల వంచుకుని చాప్ కొడుతూ ఉంటాను. బాస్ ఆయన మాత్రం నావైపు చూసి కనుబొమ్మలెగరేస్తారు.