ఒలీవ మొక్కలు, మిరప నారు

ఈమధ్య నెల రోజుల్లో మూడు పెళ్ళిళ్ళకు వెళ్ళాను. మూడింటిలోనూ బైబిలులోని 128వ కీర్తనే చదివారు. మూడుచోట్లా ప్రసంగీకుడు “నీ లోగిట నీ భార్య ఫలించు ద్రాక్షావల్లివలె నుండును” దగ్గర ఆగి పెళ్ళికొడుకు మీద ఒక జోకు వేశాడు, జనం నవ్వారు. “నీ భోజనపు బల్లచుట్టు నీ పిల్లలు ఒలీవ మొక్కలవలె నుందురు” అన్న మాట వచ్చేసరికి వెనక వరుసల వాళ్ళు బిర్యానీ వాసన వచ్చే వైపు తిరిగిపోయారు. ఎంత మాట అది! చేతులు కడుక్కునే తొందరలో పోయింది.

ఇంకొకళ్ళను అనడానికి ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మేము గుంటూరులో ఇల్లు కట్టుకున్నప్పుడు గృహప్రతిష్ఠకు ఎవరో ఇదే వాక్యం ఫ్రేము కట్టించి ఇచ్చారు. డైనింగ్ టేబుల్ పైన గోడకు తగిలించాం. ఆ టేబుల్ మీద ఏముంటాయంటే, ఇస్త్రీకి వెళ్ళాల్సిన బట్టలు, ఇస్త్రీ అయి వచ్చిన బట్టలు, మా అమ్మాయి ఇంటర్ పుస్తకాలు, మావాడి క్రికెట్ బ్యాటు, కరెంటు బిల్లులు. అన్నం మాత్రం తలో చోట తింటాం. ఒకరు టీవీ ముందు, ఒకరు మంచం మీద ఫోను ముందు, మా ఇంటావిడ వంటగదిలో నిలబడి. వాక్యం గోడ మీద ఉంది, బల్ల బట్టల కింద ఉంది, మొక్కలు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. ఒకసారి నేను ఆ ఫ్రేము చూపించి మా ఇంటావిడతో “ద్రాక్షావల్లివి నువ్వే” అన్నాను. “తీగ పాకాలంటే పందిరి వెయ్యాలి కదండీ, ఎప్పుడు వేశారు?” అంది. అప్పటినుంచి మొదటి సగం జోలికి పోవడం మానేశాను.

రెండో సగమే నన్ను వదలడం లేదు. దానికి నా ఉద్యోగం కూడా కారణం. నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాను. ఇరవై ఏళ్ళుగా కాయ చూసి రకం చెప్పడమే నా పని. టిక్కీలో, అంటే మిరప బస్తాలో, చెయ్యి పెట్టి పిడికెడు కాయ తీసి, ఒకటి విరిచి, గింజ చూసి, తేమ ఎంతుందో చెప్పేస్తాను. మంచి కాయ ఒక కుప్ప, తాలు ఒక కుప్ప. సాయంత్రం ఇంటికి వచ్చాక కూడా ఆ చెయ్యి ఆగదు. పిల్లల ప్రోగ్రెస్ కార్డు పట్టుకున్నా అదే చూపు. లెక్కలు మంచి కాయ, ఇంగ్లీషు తాలు.

మిరప సంగతి మన జిల్లా వాళ్ళకు చెప్పక్కర్లేదు. నారు పోసిన నలభై రోజులకు చేలో నాటుతాం, సంక్రాంతికల్లా ఎర్రకాయ కల్లంలో ఉండాలి, ఎండలు ముదిరాక ఆ మొక్కను పీకి పారేస్తాం. 2021లో నల్ల తామర పురుగు పడినప్పుడు, ఇక పెట్టుబడి కూడా రాదని తెలిసి పచ్చటి తోటల్ని దున్నేసిన రైతుల్ని చూశాను. కొట్టుకు వచ్చి ఏడ్చారు. వాళ్ళను తప్పు పట్టడానికి లేదు. అది ఏడాది పంట, కాయ లేకపోతే ఆ మొక్కతో పనేముంది?

ఒలీవ, అంటే ఆలివ్ చెట్టు, అలాంటిది కాదు. నాటిన నాలుగైదేళ్ళు కాయ ఊసే ఉండదు. నిండు కాపు పట్టాలంటే ఇంకా ఎన్నో ఏళ్ళు ఆగాలి. వేరు పట్టిందంటే మాత్రం వందల ఏళ్ళు నిలుస్తుంది. మాను ముసలిదై తొర్రపడినా, నరికేసినా, మొదలు చుట్టూ మళ్ళీ పిలకలు లేస్తాయి. “బల్లచుట్టు” అన్న మాట చదివినప్పుడల్లా నాకు ఆ మానే కనిపిస్తుంది, చుట్టూ దాని వేరు నుంచే లేచిన పచ్చటి పిలకలతో. ముసలి మాను నేనే అనుకుందాం (జుట్టు విషయంలో ఎలాగూ నిజమే). పిలకలకు బలం ఇచ్చేది మాను కాదు, కింద కనపడని వేరు. ఆ పిలకల్నే తీసి ఇంకోచోట నాటుకుంటారు. మా అమ్మాయి ఇంకో రెండేళ్ళకు ఏ హైదరాబాదుకో వెళ్ళిపోతుంది కదా, ఆ మాట తలుచుకున్నప్పుడు ఈ వాక్యం గొంతుకు అడ్డం పడుతుంది.

ఇంకొక సంగతి. హెబ్రీలో ఇక్కడ “మొక్కలు” అన్న మాట, నాటడం అనే అర్థం ఉన్న ధాతువు నుంచి వచ్చింది. మొదటి కీర్తనలో “నీటికాలువల యోరను నాటబడినదై” అని ఉంది చూడండి, అక్కడా అదే ధాతువు. ఆ చెట్టు ఫలం ఎప్పుడిస్తుంది? “తన కాలమందు.” నా కాలమందు అని లేదు. కాలేజీ వాళ్ళ కాలమందు అని అసలే లేదు. మా సంఘంలో 127వ కీర్తన బాణాలంటే భలే ఇష్టం. “బలవంతుని చేతిలోని బాణములు” అని చెప్పి పిల్లల్ని ఈఏపీసెట్ వైపో నీట్ వైపో గురిపెట్టి వదిలేస్తారు. పేజీ తిప్పక్కర్లేకుండానే పక్కనే 128 ఉంది. బాణమని చెప్పిన దేవుడే మొక్క అని కూడా చెప్పాడు. మొక్కను విల్లుకు తగిలిస్తే ఏమవుతుంది?

కోపంగా రాస్తున్నానని అనుకోకండి, ఇది నా మీద నాకున్న కోపం. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం రిజల్ట్స్‌కు వారం ముందే నేను కృతజ్ఞత కానుక కవరు సిద్ధం చేశాను. లోపల 500 రూపాయలు పెట్టాను. పైన కుటుంబం పేరు రాసి, కారణం దగ్గర “మా అమ్మాయికి ... మార్కులు వచ్చినందుకు” అని చుక్కలు పెట్టి ఉంచాను. అయ్యగారు (పాస్టరు) మైకులో చదువుతుంటే సంఘమంతా వినాలని, దాచడమెందుకు. రిజల్ట్స్ వచ్చాయి. పాసైంది, కానీ చుక్కల్లో రాసేటన్ని రాలేదు. కవరు బైబిలులో పెట్టేశాను. ఆ ఆదివారం ఏడెనిమిది కుటుంబాల కవర్లు చదివారు. మేము మూడో వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టాం. పక్కన కూర్చున్న మా అమ్మాయి వైపు నేను తిరగలేదు. తిరగాల్సింది.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో నా ప్రార్థన ఇలా సాగింది. “ప్రభువా, ఫోనులో కాలం పాడుచేసుకుంటున్న ఈ బిడ్డను క్షమించండి. తోటి పిల్లలకు ఇచ్చిన జ్ఞానం ఈమెకు కూడా దయచేయండి. తండ్రి పడే కష్టం చూసే కన్నులు ఇవ్వండి.” పిలిచింది ప్రభువునే గానీ చీవాట్లు ఎవరికో ఇంట్లో అందరికీ తెలుసు. కళ్ళు మూసుకున్నవాళ్ళు ఎదురు మాట్లాడరు కాబట్టి మన క్రైస్తవ తండ్రులకు ఇది మంచి వెసులుబాటు. తర్వాత మా అమ్మాయి వంతు వచ్చింది.

“పరలోకమందున్న తండ్రీ, మా డాడీ యార్డులో రైతులతో ఎంతో నెమ్మదిగా మాట్లాడతారంట. కాయ తడిసి వచ్చినా కసురుకోరంట. ఆ నెమ్మది కొంచెం ఇంటికి కూడా తెచ్చునట్లు సహాయం చేయండి. ఆమేన్.”

మావాడు తన జన్మలో చెప్పనంత గట్టిగా “ఆమేన్” అన్నాడు. వెంటనే వరసగా మూడు తుమ్ములు తుమ్మాడు. ఆ రోజు నేను స్నానం చేయకుండానే ప్రార్థనకు కూర్చున్నాను, నా చొక్కా ఘాటు వాడికి తగిలింది. మామూలుగా మా ఇంట్లో నేను గేటు తీశానని కాలింగ్ బెల్ కంటే ముందు వాడి తుమ్మే చెబుతుంది. మా ఇంటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు కళ్ళు తెరిచే ధైర్యం చాలలేదు. చివరికి నవ్వాగక నేనే ముందు నవ్వాను, తర్వాత మా అమ్మాయి నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. అబ్రాహాము ఇంట్లో వాగ్దానపు బిడ్డకు దేవుడు పెట్టించిన పేరు ఇస్సాకు, అంటే నవ్వు. ఆ ముసలి దంపతులు ఎన్నేళ్ళు ఆగితే వచ్చింది ఆ నవ్వు! మనం రిజల్ట్స్ వచ్చిన సాయంత్రమే ఇంట్లో నవ్వు లేకుండా చేస్తున్నాం.

గుంటూరు వాళ్ళం, మనకైనా ఆగడం తెలియాలి. అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842 జూలై 31న ఈ ఊళ్ళో అడుగుపెట్టాడు. 1873లో కన్నుమూశాడు. మన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది 1927లో. ఆయన వచ్చిన 85 ఏళ్ళకు. నాటినవాడు ఆ కాపు చూడలేదు. ఏటా జూలై 31న ఆయన పేరు తలుచుకుని ఆరాధన చేసుకుని ఇంటికి వెళ్ళి, పదహారేళ్ళ పిల్లను “ఇంకా కాయ లేదేంటి?” అని అడుగుతున్నాం.

తండ్రులారా, ఆదివారపు బడిలో “పిల్లలారా, ప్రభువునందు మీ తలిదండ్రులకు విధేయులైయుండుడి” కంఠతా పట్టించడానికి ముందుంటాం. బైబిలులో అక్కడే కాస్త కిందికి వెళితే “తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక” అని ఉంది. అది మనం ఎప్పుడు కంఠతా పట్టాం? బల్ల లేదని సాకు చెప్పకండి. మా నాన్నకు బల్ల లేదు. పల్లెటూళ్ళో ఒక ఈతాకు చాప, ఒక లాంతరు, అన్నంలోకి గోంగూర. పొలం పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మేము అయిదుగురం చుట్టూ కూర్చునేదాకా ముద్ద ముట్టేవాడు కాదు. చదవడం రాదు, ఒక కీర్తన పాడి కళ్ళు మూసుకునేవాడు. ఆయన ప్రార్థనలో మా తప్పులు ఎప్పుడూ వినలేదు. మా పేర్లు మాత్రం ఒక్కొక్కటే చెప్పేవాడు. ఏడో క్లాసు తప్పిన ఏడాది కూడా నా పేరు అదే గొంతుతో చెప్పాడు. కూర్చోండి. రోజుకు ఒక్క పూటైనా కూర్చోండి. ఫోను అవతల పెట్టండి, మీది ముందు పెట్టండి. మార్కులు అడగకుండా ఒక్క భోజనం పూర్తిచేయండి, చాలా కష్టం, నేను వారంలో మూడుసార్లు ఓడిపోతున్నాను. పిల్లల పేర్లు చెప్పి ప్రార్థన చేయండి, ఫిర్యాదులు చెప్పి కాదు.

ఆ కవరు ఇంకా నా బైబిలులోనే ఉంది. ఈ ఆదివారం ఇచ్చేద్దామని నిన్న రాత్రి బయటికి తీశాను. చుక్కలు కొట్టేశాను. కారణం దగ్గర ఏం రాయాలో తోచక మా ఇంటావిడను అడిగాను. “అది తర్వాత రాద్దురు గానీ, ముందు ఆ టేబుల్ మీద ఇస్త్రీ బట్టలు తియ్యండి, అన్నం పెడతాను” అంది.