సెవెరెన్స్ పే తీసుకున్నాక వైకల్య పరిహారంలో కోత: నా అనుభవం

సరిచేసిన లెక్కతో ఉత్తరం ఈ వారమే చేతికందింది. వివరాలు మనసులో తాజాగా ఉన్నప్పుడే రాసేస్తున్నాను. అమెరికా సైన్యంలో చేరిన తెలుగు పిల్లలు నాకు తెలిసే కొందరు ఉన్నారు. గాయం వల్ల బయటికి రావాల్సి వస్తే సెవెరెన్స్ పే అని పెద్ద మొత్తం ఒకేసారి ఇస్తారు. తరవాత నెలనెలా రావాల్సిన వైకల్య పరిహారంలోంచి దాన్ని మళ్లీ పట్టుకుంటారు. ఈ రెండో సంగతి నన్ను కూర్చోబెట్టి చెప్పినవారు లేరు.

నేను గ్రీన్‌కార్డుతో చేరాను. సైన్యంలో ఉండగానే పౌరసత్వం వచ్చింది. సార్జెంటుగా సరఫరా విభాగంలో పనిచేస్తూ, గోదాములో బరువులు దించేటప్పుడు నడుము దెబ్బతింది. వైద్య బోర్డు, దాని తరవాత శారీరక అర్హతను తేల్చే బోర్డు, కాగితాలు, సంతకాలు అన్నీ నెమ్మదిగానే అయినా సజావుగా జరిగాయి. ఒక్క నడుము పరీక్ష గురించి మాత్రం చెప్పాలి. ముందుకు ఎంత వంగగలమో కోణమానినితో కొలుస్తారు. 30 డిగ్రీలు దాటి 60 లోపు వంగితే వైకల్య రేటింగు 20 శాతం, 30 దాటలేకపోతే 40 శాతం. కొలిచే మనిషి ముందు పంతానికి పోయి వంగకండి. నొప్పి ఎక్కడ మొదలవుతుందో అక్కడే ఆగి, ఆ మాట గట్టిగా చెప్పండి. ఎందుకంటే సైన్యం చూసే రేటింగు 30 శాతం, ఆపైన ఉంటే రిటైర్మెంటు, దానితోపాటు జీవితాంతం ట్రైకేర్ ఆరోగ్య బీమా. 30 కంటే తక్కువై, సర్వీసు 20 ఏళ్లు నిండకపోతే సెవెరెన్స్ ఇచ్చి పంపేస్తారు. నాకు వచ్చింది 20.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. మాజీ సైనికుల శాఖ, అంటే వీఏ, నా పార్శ్వపు తలనొప్పికి (మైగ్రేన్) 30 శాతం, చెవిలో హోరుకు 10 శాతం కూడా ఇచ్చింది. వీఏ ఈ శాతాలను నేరుగా కూడదు, తన పద్ధతిలో కలుపుతుంది. అలా నడుముతో సహా అన్నీ కలిపి 50. కానీ సైన్యం ఉద్యోగానికి పనికిరాకుండా చేసిన జబ్బునే లెక్కలోకి తీసుకుంటుంది. నా విషయంలో అది నడుము ఒక్కటే.

సెవెరెన్స్ లెక్క తేలికే. నెల మూల వేతనానికి రెండింతలు వేసి, సర్వీసు ఏళ్లతో హెచ్చిస్తారు. తక్కువలో తక్కువ 3 ఏళ్లకు కడతారు, యుద్ధక్షేత్రంలో గాయమైతే 6 ఏళ్లకు. గరిష్ఠం 19. నా మూల వేతనం సుమారు 3,600 డాలర్లు, సర్వీసు 7 ఏళ్లుగా తేల్చారు. మొత్తం 50,400. అందులో 22 శాతం ఫెడరల్ పన్ను కింద ముందే పట్టుకున్నారు. చేతికి వచ్చింది 39,312. మా బాబాయి అప్పుడే ఇల్లు కొనమని నాన్నకు ఫోను మీద ఫోను చేశారు.

తరవాత వీఏ నుంచి ఉత్తరం వచ్చింది. 2025 రేట్ల ప్రకారం పెళ్లికాని మనిషికి 50 శాతానికి నెలకు 1,102.04 డాలర్లు రావాలి. నడుముకు చెందిన 20 శాతం, అంటే 346.95, పట్టుకుని మిగిలిన 755 మాత్రం ఇస్తామని రాశారు. పైగా రాబట్టాల్సిన మొత్తంగా 50,400 వేశారు. అర్థం కాక ఒక సహాయ కేంద్రానికి వెళ్లాను. పేరు చెప్పను. ఆ గది, ఆ మనిషి మాత్రం నాకు జీవితాంతం గుర్తుంటారు.

ఆయన నన్ను చూసి అడిగిన మొదటి ప్రశ్న: "మీ భర్త ఏ యూనిట్లో పనిచేశారు?" సైనికురాలిని నేనే అన్నాను. క్షమాపణ లేదు. కాగితం తీసుకుని పైపైన చూశారు. "ఒకసారి డబ్బు తీసుకున్నారు కదా, అదే గాయానికి రెండోసారి ఎందుకు అడుగుతున్నారు?" అన్నారు. వెనక కుర్చీల్లో జనం ఉన్నారు. అంతటితో ఆగలేదు. నాకు నెలనెలా వస్తున్న 755 కూడా పొరపాటున వేస్తున్నారని, సెవెరెన్స్ తీరేదాకా ఒక్క డాలరు కూడా రాకూడదని, అదంతా తరవాత అప్పుగా నా నెత్తిన పడుతుందని చెప్పారు. రుజువుగా ఒక పేజీ ముద్రించి ఇచ్చారు. నేను ఇంటికి వచ్చి ఆ డబ్బు ముట్టుకోవడం మానేశాను. మందుల దుకాణానికి వెళ్లడానికి కూడా వెనకాడాను. చేయి చాచి అడుక్కునేదాన్ని చూసినట్టు చూశారాయన. ఏడేళ్లు సేవ చేసినదాన్ని అలా చూసే హక్కు ఎవరికీ లేదు.

ఆయన ఇచ్చిన పేజీ నాకు సంబంధించినదే కాదు. అది సెపరేషన్ పే నిబంధన. గాయంతో పనిలేకుండా, సిబ్బందిని తగ్గించేటప్పుడో కొనసాగింపు దొరకనప్పుడో ఇచ్చే మొత్తం అది. దాన్ని ఏ వైకల్యానికి వచ్చే పరిహారంలోంచైనా పట్టుకోవచ్చు. వైకల్య సెవెరెన్స్ నిబంధన వేరు. ఫెడరల్ నిబంధనల్లో 38వ విభాగం, 3.700 చదవండి. ఏ వైకల్యానికి సెవెరెన్స్ ఇచ్చారో దానికి వచ్చే పరిహారంలోంచే కోత పెట్టాలని, వేరే వైకల్యాలకు వచ్చేది తగ్గించకూడదని అందులో స్పష్టంగా ఉంది. నా పార్శ్వపు నొప్పి డబ్బు జోలికి ఎవరూ రాకూడదు. ఇదంతా నేను ఒక్కదాన్నే, న్యాయవాది లేకుండా, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివి తేల్చుకున్నాను. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు గర్వంగా ఉంది.

అదే నిబంధనలో ఇంకో వాక్యం కనబడింది. 1996 సెప్టెంబరు 30 తరవాత ఇచ్చిన సెవెరెన్స్ అయితే, పట్టుకున్న ఫెడరల్ పన్ను తీసేసి మిగిలినదే రాబట్టాలి. అంటే 50,400 కాదు, 39,312. సైన్యం వదిలేటప్పుడు ఇచ్చే డీడీ-214 పత్రంలో, 18వ గడిలో పన్నుకు ముందున్న మొత్తం ఒక్కటే ఉంది, ఫైలుకు ఎక్కింది అదే. తేడా 11,088 డాలర్లు, నెలకు 346.95 చొప్పున రెండేళ్ల ఎనిమిది నెలల కోత. చెల్లింపు రసీదు, పన్ను పట్టుకున్నట్టు చూపే డబ్ల్యూ-2 జతచేసి పంపాను. ఈ వారం వచ్చిన ఉత్తరం దానికి జవాబే. మీరూ ఆ రసీదును పాస్‌పోర్టుతో సమానంగా దాచుకోండి.

యుద్ధక్షేత్రంలోనో, యుద్ధ సంబంధ విధుల్లోనో గాయపడినవారికి ఈ కోతే ఉండదు. 2008 జనవరిలో వచ్చిన చట్టం అలా మార్చింది. బోర్డు తన నిర్ణయ పత్రంలో ఆ మాట రాసిందో లేదో సంతకం పెట్టేముందే చూసుకోండి. నాది గోదాము గాయం, కాబట్టి వర్తించదు.

పన్ను సంగతి కూడా చెప్పి తీరాలి. వీఏ పరిహారానికి అర్హత ఉందని తేలితే, వైకల్య సెవెరెన్స్ మీద ఆదాయపు పన్ను ఉండదు. మాకు తెలిసిన పన్నుల లెక్కలాయన "డబ్ల్యూ-2లో ఉంది కదమ్మా, కట్టాల్సిందే" అని తేల్చేసి, ఫీజు మాత్రం పూర్తిగా తీసుకున్నారు. వీఏ నిర్ణయ పత్రం జతచేసి, 1040-ఎక్స్ అనే సవరణ పన్ను రిటర్ను నేనే వేసుకున్నాను, డబ్బు తిరిగి వచ్చింది. మామూలుగా మూడేళ్ల గడువు ఉంటుంది, తాత్సారం చేయకండి. యుద్ధ సంబంధ గాయాలకు ఇచ్చిన సెవెరెన్స్ మీద 1991 నుంచి తప్పుగా పట్టిన పన్నును వెనక్కు ఇప్పించడానికి 2016లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. అడగకుండా రాదనడానికి అంతకంటే రుజువు అక్కరలేదు.

అసలు ఈ కోతే తప్పని నా నమ్మకం. సెవెరెన్స్‌ను నా జీతం, నా ఏళ్లు చూసి కట్టారు. అంటే అది పోయిన ఉద్యోగానికి ఇచ్చిన వెల. పరిహారం విరిగిన నడుముకు. ఉద్యోగం వెల ఇచ్చి, దాన్ని నడుము డబ్బులోంచి తొమ్మిదిన్నర ఏళ్లపాటు వెనక్కు లాక్కోవడాన్ని రెండుసార్లు చెల్లించకుండా ఉండటానికే అంటే నేను ఒప్పుకోను. చట్టసభ ఈ నిబంధనను తీసేయాలి. నా ప్రాంత ప్రతినిధికి ఇదే మాట రాశాను, మళ్లీ రాస్తాను.

బాబాయి మాట మేము వినలేదు. ఆ డబ్బును విడి ఖాతాలో వేసి, తగ్గిన 346.95ను నెలనెలా అందులోంచి తీసుకుంటున్నాను. ఇల్లు కొని ఉంటే ఇది సాధ్యమయ్యేది కాదు.

ఈమధ్య నడుము ఇంకా బిగుసుకుంది. రేటింగు పెంచమని వచ్చే నెల దరఖాస్తు వేస్తున్నాను. 40 శాతం ఇచ్చినా కోత మొదటి రేటింగైన 20 శాతం మొత్తాన్ని దాటకూడదు, పెరిగినది నాకే రావాలి. 38వ విభాగం చట్టంలోని 1161వ సెక్షను అదే చెబుతోంది. దాని ప్రతిని దరఖాస్తుతో కలిపి పెట్టాను.