ఉప్పు నిలవని ఊళ్లో కొత్త కాపురం

విశాఖపట్నంలో కాపురం పెట్టబోయే అమ్మాయికి పెళ్లిలో వెండి కంచాలు, గిన్నెల సెట్లు చాలామంది ఇస్తారు గానీ అసలు సంగతి ఎవరూ చెప్పరు. ఈ ఊళ్లో ఉప్పు నిలవదు. డబ్బాలో పోసినప్పుడు గలగలలాడిన రాళ్ల ఉప్పు వారం తిరిగేసరికి పైన తడిసి ముద్దవుతుంది, అడుగున నీళ్లు ఊరతాయి. వేయించిన అప్పడం పళ్లెంలోకి వచ్చాక మరో మాట మాట్లాడకుండా తినేయాలి, లేదంటే వాలిపోతుంది. బిస్కెట్ పొట్లం విప్పితే ఆ పూటే పూర్తి చేయాలి. రేపటికి దాచుకుందామనే పొదుపు ఈ గాలి ముందు చెల్లదు.

మాది నంద్యాల. మా వైపు గాలిలో తడి అన్నది వాన కురిసినప్పుడే తెలుస్తుంది. మా అమ్మ ఉప్పు డబ్బాకు మూత పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. మా వారిది అనకాపల్లి. మాఘమాసంలో పెళ్లయింది, ఎంవీపీ కాలనీలో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఇల్లు చూపించేటప్పుడు యజమాని కిటికీ తెరిచి, "సముద్రపు గాలి తల్లీ, ఫ్యాను అక్కర్లేదు" అన్నారు. సముద్రం కనిపించలేదు గానీ గాలి విషయంలో ఆయన నిజమే చెప్పారు. ఆ గాలికే కిటికీ చువ్వలు, గ్యాస్ పొయ్యి కాళ్లు, పెళ్లిలో వచ్చిన ఇనుప పెనం ఒకదాని తర్వాత ఒకటి ఎర్రబడ్డాయి. పెనానికి రోజూ నూనె రాసి పడుకోబెడుతున్నాను. మా ఇంట్లో ఇంత సేవ పొందే వస్తువు మరొకటి లేదు.

ఉప్పు గురించి అమ్మకు ఫోను చేస్తే, "ఎండలో పెట్టు, అదే ఆరుతుంది" అంది. నంద్యాల ఎండను మనసులో పెట్టుకుని చెప్పిన మాట అది. ఇక్కడ ఎండ కూడా చెమట పట్టించే ఎండే. మా వారు మాత్రం సముద్రపు ఉప్పులో కొద్దిగా మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయని, గాలిలోని తేమను లాగేది అవేనని చక్కగా వివరించారు. వివరణ అయ్యాక ఉప్పు అలాగే ఉంది. చివరికి పని జరిగింది అత్తయ్య మాటతో: బాణలిలో ఉప్పు వేయించి, పూర్తిగా చల్లార్చి, గాజు సీసాలో పోసి, పైన గుప్పెడు బియ్యం వేయాలి. తడి గరిటె దగ్గరికి కూడా రానివ్వకూడదు.

ఒక్క విషయంలో ఈ తేమ నాకు మేలు చేసిందని ఒప్పుకోవాలి. మా వైపు పొద్దుటి ఫలహారం ఉగ్గాని. బొరుగులను (మరమరాలను) నీళ్లలో ముంచి గట్టిగా పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, పసుపు వేసిన తాలింపులో కలిపి, పుట్నాల పొడి చల్లి, నిమ్మకాయ పిండుతాం. పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే దాన్ని ఉగ్గాని అనడానికి మా నాన్న ఒప్పుకోరు. మా వారికి అంతవరకు బొరుగులంటే ఆర్కే బీచ్‌లో పొట్లం కట్టి ఇచ్చే మురీ మిక్చరే. సాయంత్రం ఇసుకలో నిలబడి కరకరలాడుతూ తినాల్సిన వస్తువును పొద్దున్నే నానబెట్టి, వేడిగా పళ్లెంలో పెడితే ఆయన ముఖం చూడాలి. మర్యాదస్తుడు కాబట్టి తిన్నారు. బజ్జీ కొరికాక మర్యాద అవసరం లేకుండా పోయింది. ఈ ఊళ్లో బొరుగులు డబ్బాలోనే సగం మెత్తబడతాయి కాబట్టి నాకు నానబెట్టే పని కూడా సగమే. మురీ మిక్చర్ బండివాళ్లు వాటిని ఎలా కరకరలాడిస్తారో మాత్రం ఇప్పటికీ నాకు అంతుబట్టలేదు.

మా వంటగదికి రెండు వైపుల నుంచి సరుకు వస్తుంది. నంద్యాల నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చే చుట్టాల చేత అమ్మ మిల్లులో ఆడించిన కారం, చెనిక్కాయల (వేరుశనగల) పొడి, జొన్నపిండి పంపుతుంది. వేసవిలో బనగానపల్లె మామిడిపళ్లు గడ్డిలో చుట్టి పంపింది. ఆ మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని నేను చెబితే, అరకు కాఫీకి 2019లో వచ్చిందని ఆయన వెంటనే అందుకున్నారు. ఇలాంటి పోటీలు మా ఇంట్లో రోజూ ఉంటాయి. అనకాపల్లి నుంచి అత్తయ్య పంపేది ప్రధానంగా బెల్లం. దేశమంతా పేరున్న బెల్లం మార్కెట్ ఊళ్లోనే ఉంది కాబట్టి వాళ్ల వంటలో బెల్లానికి అడ్డూ అదుపూ ఉండవు. పప్పుచారులో బెల్లం, వంకాయ పులుసులో బెల్లం, గుమ్మడికాయ పులుసులో మరీ పెద్ద ముక్క. మొదట్లో ఆ పులుసు నాకు భోజనం మొదట్లోనే పాయసం వడ్డించినట్లు ఉండేది.

నేను వండిన గుత్తివంకాయ తిన్న రోజు ఆయన మూడు గ్లాసుల నీళ్లు తాగి, "బాగుంది" అన్నారు. కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి, అవి ఆనందబాష్పాలు కావని ఇద్దరికీ తెలుసు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. కానీ ఆ మర్నాటి నుంచి కారం డబ్బాలో చెంచా చిన్నదైంది. అది ఎవరు మార్చారో నేను అడగలేదు. ఇప్పుడు ఆయన ఇడ్లీలో, ఉప్మాలో, చివరికి పెరుగన్నంలో కూడా చెనిక్కాయల పొడి చల్లుకుంటున్నారు. నేను పప్పుచారులో చింతపండు పులుపు ఎక్కువైనప్పుడు కొద్దిగా బెల్లం చిదిమి వేస్తున్నాను. "కొద్దిగా" అన్నది మా అమ్మ చదువుతుందేమోనని రాస్తున్నాను.

అత్తయ్య వంటలో నేను మనసారా నేర్చుకున్నది మాత్రం ఆవ పెట్టడం. ఆవాలంటే మాకు తాలింపులో చిటపటలాడేవి, ఆవకాయలో పడేవి, అంతే. ఇక్కడ అరటికాయకు, కంద బచ్చలికి, పనసపొట్టుకు ఆవ నూరి కలుపుతారు. కొద్దిగా నీళ్లతో మెత్తగా నూరితేనే ఘాటు పుడుతుంది. కూర దించి, ఆవిరి తగ్గాక కలపాలి, పొయ్యి మీద ఉండగా వేస్తే ఆ ఘాటంతా ఆవిరైపోయి చేదు మిగులుతుంది. అత్తయ్య ఇదంతా ఫోనులో చెప్పి, చివర్లో, "ముక్కు నీకే చెబుతుందమ్మా" అన్నారు. నిజంగానే చెప్పింది. పడిశం పట్టిన వారంలో ఆ కూర రెండుసార్లు వండించుకున్నాను, మందుల కంటే రుచిగా ఉంది.

ఇక చేపలు. సముద్రం పక్కన కాపురమంటే రోజూ చేపల పులుసేనని నంద్యాలలో నా స్నేహితురాళ్లందరూ అసూయపడ్డారు. మా ఇంట్లో ఎప్పుడో ఒకసారి నాన్న చెరువు చేప తెచ్చేవారు, ముళ్లు ఏరుకోవడానికే గంట పట్టేది. ఇక్కడ పెద జాలారిపేట మాకు నడిచివెళ్లే దూరం. వంజరం, చందువ, కానాగంత అని పేర్లు చెప్పించుకుంటూ మొదటిసారి వెళ్లినప్పుడు అక్కడ చేపలు అమ్మే అక్క నన్ను చూడగానే కొత్తదాన్నని పట్టేసింది. "కన్ను తేటగా ఉండాలి, మొప్ప ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట మిగలకూడదు. ఇవి చూడకుండా నా దగ్గర కూడా కొనకమ్మా" అంది. వ్యాపారంలో ఇలాంటి మాట చెప్పే మనిషి దగ్గరే కొనాలని అప్పుడే అనుకున్నాను. వంజరానికి ముళ్లు తక్కువని, ముక్కలు గుండ్రంగా కోస్తారని, పులుసు మరుగుతున్నప్పుడు గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పాలని కూడా ఆమే చెప్పింది. పులుసు ఆ పూట బాగుంటుంది, మర్నాడు పొద్దున ఇంకా బాగుంటుంది. చేపల పులుసులో బెల్లం వద్దని అత్తయ్యే స్వయంగా అన్నారు. ఆ రోజు ఆమె మీద నాకు గౌరవం ఒక మెట్టు పెరిగింది.

అయితే తినడానికి క్యాలెండర్ అడ్డం వస్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్ల వేట ఆపేస్తారు. పులుసు చేతికి అలవాటు పడుతున్న సమయానికి ఆ సెలవులు వచ్చాయి. తెప్పల మీద వెళ్లేవాళ్లు తెచ్చే కాస్త చేపకు ధర చూస్తే మాంసం కొనుక్కోవడమే నయమనిపించింది. వేట మొదలైందో లేదో ఆషాఢం వచ్చింది, కొత్త పెళ్లికూతురు కాబట్టి నన్ను నంద్యాల పంపారు. అత్తా కోడళ్లు ఒకే గడప దాటకూడదట. మా గడప ఎంవీపీ కాలనీలో, ఆమెది అనకాపల్లిలో, అయినా ఆచారం ఆచారమే. తిరిగి వచ్చేసరికి శ్రావణం, ఇంట్లో నీచు లేదు. తర్వాత వినాయక చవితి, ఆ తర్వాత దసరా తొమ్మిది రోజులు. ఇప్పుడు కార్తీకం. మిగిలిన సందుల్లో ఆదివారాలు వెతుక్కుని చేపలు తిన్నాం. జాలారిపేట అక్క నన్ను చూసి, "నంద్యాలలో ఉన్నప్పుడే ఎక్కువ తినేదానివేమో" అంది.

శ్రావణం గురించి ఒక మాట చెప్పాలి. మంగళగౌరి నోము అత్తవారింటి ఆనవాయితీ, పెళ్లయిన అయిదేళ్లూ శ్రావణ మంగళవారాలు పట్టాలి. మొదటి ఏడాది అయిదుగురు ముత్తైదువులకు వాయనం ఇవ్వాలి, ఏడాదికి అయిదుగురు చొప్పున పెరుగుతారు. వాయనంలో నానబెట్టిన శనగలు తప్పనిసరి. మనం ఇస్తే ఊరుకుంటారా? మా అపార్టుమెంటులో నాలాంటి కొత్త కోడళ్లు ఇంకా ఉన్నారు, వ్రతాలు చేసే పెద్దవాళ్లు సరేసరి. బుధవారం పొద్దున్నే ఫ్రిజ్ తెరిస్తే అన్ని గిన్నెల్లో శనగలే. తాలింపు వేశాం, వంకాయలో కలిపాం, వడలు వేశాం, నూరి పచ్చడి చేశాం. ఆయన ఆఫీసు రుషికొండలో, మధ్యాహ్నం వెళ్లి రాత్రి పదకొండుకు వస్తారు. డబ్బా తెరిచిన తోటివాళ్లు, "శనగల మిల్లేమైనా పెట్టారా?" అన్నారట.

ఈ ఆదివారం మా ఆఫీసువాళ్ల కార్తీక వనభోజనం, ముడసర్లోవ పార్కులో. ఉసిరి చెట్టు కింద తినాలన్నది నియమం, ఇంటికో వంటకం అన్నది మా మేనేజర్ గారి నియమం. కంద బచ్చలి ఆవ పెట్టి తీసుకెళ్లమని అత్తయ్య, బక్ష్యాలు (బొబ్బట్లు) చేసుకెళ్లమని అమ్మ. ఆయన మాత్రం ఉగ్గాని అంటున్నారు, బజ్జీలు తానే వేస్తారట. అత్తయ్యకు చెబితే, "కార్తీకంలో ఉల్లిపాయా?" అని వెంటనే అడిగారు. ఉల్లిపాయ తీసేసి అల్లం, కొబ్బరి తురుము వేద్దామని ఇద్దరం నిర్ణయించుకున్నాం. బొరుగులు కొనుక్కొచ్చి డబ్బాలో పోశాను, ఆదివారానికి ఎలాగూ వాటంతట అవే మెత్తబడతాయి. ఉల్లిపాయ సంగతి మాత్రం నంద్యాలలో ఎవరూ మా నాన్నకు చెప్పకండి.