మాలీ చేపల తొట్టి: లీటరుకు 3 గ్రాముల ఉప్పు లెక్క

మొదటి రోజు: నల్ల మాలీ తోక మీద తెల్ల చుక్కలు కనిపించాయి. ఇక్ వ్యాధి, అంటే పరాన్నజీవి వల్ల చేపలకు వచ్చే తెల్ల చుక్కల జబ్బు. ఉప్పునీళ్లతో తగ్గించాలనుకున్నాను. ఉప్పు పడని మొక్కల్ని బకెట్లోకి మార్చాను. అద్దాల కొలతతో లెక్కేస్తే తొట్టి 60 లీటర్లు, కానీ గులకరాళ్లు పోను 10 లీటర్ల బకెట్‌తో ఐదు బకెట్లే పట్టాయి. 50 లీటర్లకే లెక్క కట్టాలి. 100 గ్రాముల గళ్ళుప్పు ఎండబెట్టి, తూచి, కరిగించి పోశాను. లీటరుకు 2 గ్రాములైంది. హీటర్‌ను 28 డిగ్రీలకు పెంచాను. వేడి నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి గాలి పంపు ఆపలేదు.

మూడో రోజు: ఇప్పుడు లీటరుకు 3 గ్రాములు, అంటే 0.3 శాతం కావాలి. గళ్ళుప్పు నేరుగా వేస్తే అడుగున పేరుకుంటుంది, అక్కడికెళ్లిన చేపకు మంట. అందుకే 100 గ్రాముల ఉప్పు కరిగించి, మొత్తం 2 లీటర్లు అయ్యేదాకా నీళ్లు పోశాను. 2 లీటర్ల నీళ్లలో ఉప్పు వేయడం, ఇది ఒకటి కాదు. ఈ ద్రావణం లీటరుకు 50 గ్రాములు. తొట్టిలోంచి ఎక్స్ లీటర్లు తీసి, అంతే ద్రావణం పోస్తే:

2 × (50 − ఎక్స్) + 50 × ఎక్స్ = 150

48 ఎక్స్ = 50. ఎక్స్ 1.04 లీటర్లు. గంట సేపు కొంచెం కొంచెంగా పోశాను.

ఎనిమిదో రోజు: తప్పు చేశాను. ఆవిరైన 4 లీటర్ల బదులు లీటరుకు 3 గ్రాముల ఉప్పునీళ్లే పోశాను. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. 12 గ్రాములు ఎక్కువై 162 అయ్యాయి, లీటరుకు 3.24. చాలా టెన్షన్ పడ్డాను. 3.24 × (50 − ఎక్స్) = 150 అనుకుంటే 3.7 లీటర్లు తీసి మంచినీళ్లు పోయాలి. పోశాను. మాలీ మామూలుగానే తింది.

పదిహేనో రోజు: చుక్కలు పోయి వారమైంది. ఉప్పు లీటరుకు 1 గ్రాముకు దించాలి. ఒకేసారైతే 33 లీటర్లు మార్చాలి, చేపలు తట్టుకోలేకపోవచ్చు. రోజు విడిచి రోజు 10 లీటర్లు మారుస్తున్నాను. ఐదుసార్లకు 50 లీటర్లు, ఉప్పంతా పోతుందనుకున్నాను. కానీ ప్రతిసారీ 0.8 వంతు మిగులుతుంది: 2.4, 1.92, 1.54, 1.23, 0.98. అంటే ఐదోసారికి సరిగ్గా నాకు కావలసిన చోటికే వస్తుంది.

ఈరోజు మూడో మార్పు అయింది. మొక్కలు ఇంకా బకెట్లోనే ఉన్నాయి.