ఊపిరి వదలమని నాకెవరూ చెప్పలేదు

ఈ ఉదయం 25 మీటర్ల కొలనులో ఇరవై ల్యాపులు ఆగకుండా ఈదాను. మొత్తం 500 మీటర్లు. కళ్ళ చుట్టూ గాగుల్స్ అచ్చు ఇంకా పోలేదు, జుట్టు ఇంకా ఆరలేదు, అయినా ఇది వెంటనే రాయాలనిపించింది. ఐదు నెలల కిందట ఇదే కొలనులో సగం దూరం కూడా వెళ్ళలేక, రొప్పుతూ మధ్యలో నిలబడిపోయాను. పోటీల్లో ఈదేవారికి 500 మీటర్లు ఒళ్ళు వేడెక్కించుకోవడానికి చేసే పని. నాకు మాత్రం ఇది పెద్ద గెలుపు, అలా చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

నాకు నలభై మూడేళ్ళు. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. బరువు పెరిగింది, దాంతో కుడి మోకాలు మొరాయించింది. పరుగు వద్దని, ఈత మొదలుపెట్టమని డాక్టరు చెప్పారు. మెడ లోతు నీళ్ళలో నిలబడితే మన బరువులో సుమారు పదో వంతు మాత్రమే కాళ్ళ మీద పడుతుందట. మోకాలికి ఇంతకంటే విశ్రాంతి ఏముంటుంది?

దరఖాస్తు, వైద్య ధ్రువపత్రం, రుసుము అన్నీ ఒక్క పూటలో అయిపోయాయి. గాగుల్స్ కొనేవారికి ఒక మాట. పట్టీ తగిలించుకోకుండా అద్దాలను కళ్ళ మీద అదిమి చూడండి. చేయి తీశాక అవి ఒక క్షణమైనా అతుక్కుని ఉంటేనే మీ ముఖానికి సరిపోయినట్లు. అద్దం లోపలి వైపు వేలితో తుడవకండి, మసక పట్టకుండా వేసిన పూత పోతుంది.

నీటి మీద తేలడం మూడు రోజుల్లో వచ్చింది. గాలి నిండిన ఊపిరితిత్తులు ఛాతీలో ఉంటాయి కాబట్టి పైభాగం దానంతటదే తేలుతుంది, కాళ్ళు బరువుగా కిందికి దిగుతాయి. తల పైకెత్తితే నడుము ఇంకా దిగిపోతుంది. తల దించి కొలను అడుగు వైపు చూస్తే చాలు, నడుము లేస్తుంది. ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది అంతా ఊపిరి దగ్గర వచ్చింది.

బోర్లా పడుకుని చేతులు మార్చి మార్చి వేసే ఫ్రీస్టైల్ ఈత మొదలుపెట్టిన రోజు నుంచి నాది ఒకటే కథ. గోడను తన్ని బయలుదేరతాను. ఆరేడు బారలు బాగానే సాగుతాయి. ఆ తరువాత ఛాతీ బిగుసుకుపోతుంది, గొంతు మూసుకుపోయినట్లు ఉంటుంది, ఇంకో క్షణం ఉంటే ప్రాణం పోతుందన్న భయం పుడుతుంది. పన్నెండు మీటర్ల దగ్గర కాళ్ళు కింద పెట్టేస్తాను. అక్కడ నీళ్ళు గుండె లోతే. నిలబడి రొప్పుతుంటే వెనుక వచ్చేవారు నన్ను తప్పుకుని వెళ్తుంటారు. ప్రతి రోజూ ఇదే తంతు, అదే పన్నెండు మీటర్లు.

మా కోచ్ ఒడ్డున పొడవాటి కర్ర పట్టుకుని నడుస్తూ అందరికీ ఒకటే మాట చెప్పేవాడు: "కాళ్ళు కొట్టండి, కాళ్ళు కొట్టండి". నేను కొట్టేవాడిని. ఎంత గట్టిగా కొడితే అంత త్వరగా ఆయాసం వచ్చేది. మూడో వారంలో ఒక రోజు మళ్ళీ మధ్యలో ఆగిపోయాను. అతను ఈల వేసి మొత్తం బ్యాచ్‌ను ఆపేశాడు. పక్క లేన్లలో పిల్లలు కూడా ఆగి చూస్తున్నారు. అప్పటివరకు నన్ను "మీరు" అని పిలిచిన మనిషి, అంతమంది ముందు "నువ్వు"లోకి దిగాడు. "నీకు దమ్ము లేదు. ముందు పోయి నెల రోజులు పరుగెత్తు, ఆ తరువాత నీళ్ళలోకి రా" అన్నాడు. నాకంటే కనీసం పదిహేనేళ్ళు చిన్నవాడు. తల కొట్టేసినట్లయింది. నోట మాట రాలేదు. మెట్ల దాకా నడుచుకుంటూ వచ్చి, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వచ్చేశాను. ఆ రోజు ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు.

అతను అన్న తీరు ఎలా ఉన్నా, మాట నిజమేనని నమ్మాను. నమ్మి, డాక్టరు వద్దన్న పరుగే మొదలుపెట్టాను. పదిహేను రోజులకు మోకాలు వాచింది. వారం రోజులు మెట్లు ఎక్కలేకపోయాను. వాపు తగ్గాక మళ్ళీ కొలనుకు వెళ్ళాను. దూరం ఏమైనా పెరిగిందా? లేదు. అవే పన్నెండు మీటర్లు, అదే బిగుసుకుపోయిన ఛాతీ.

పరుగుతో దమ్ము కాస్తయినా పెరిగి ఉండాలి కదా, మరి దూరం ఎందుకు పెరగలేదన్న ప్రశ్న ఆ రోజు నన్ను పట్టుకుంది. లోపం దమ్ములో కాదేమో, మరెక్కడో ఉందేమో అని మొదటిసారి అనిపించింది.

రెండు రోజుల తరువాత గోడ పట్టుకుని, గాగుల్స్‌తో తల నీటి కింద పెట్టి ఊరికే చూస్తున్నాను. పక్క లేనులో తొమ్మిది, పదేళ్ళ పాప ఈదుకుంటూ వస్తోంది. ఆమె ముక్కు దగ్గర నుంచి సన్నటి బుడగల తీగ ఒకటి చెంప పక్కగా వెనక్కి సాగుతోంది. ఎక్కడా తెగడం లేదు. తల పక్కకు తిప్పే ముందు ఒక్కసారి ఆ తీగ లావెక్కింది, నోరు పైకి వచ్చింది, మళ్ళీ ముఖం నీళ్ళలోకి దిగగానే తీగ మొదలైంది. నా ముఖం ముందు అలాంటి బుడగలను నేనెప్పుడూ చూడలేదు. ఒక్కటి కూడా.

ఆ పాప గోడ దగ్గర ఆగినప్పుడు అడిగాను. "పాపా, అంత దూరం ఊపిరి ఎలా బిగబడుతున్నావు?"

ఆమె నా వైపు ఆశ్చర్యంగా చూసింది. "బిగబట్టను అంకుల్, వదులుతూ ఉంటాను. వదిలేస్తేనే కదా మళ్ళీ పీల్చుకునేది!"

ఎన్ని వారాల అవమానానికి కారణం అంత చిన్న మాట! నేను ముఖం నీళ్ళలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబడుతున్నాను. తల పక్కకు తిప్పిన అర క్షణంలోనే పాత గాలి వదిలి, కొత్త గాలి పీల్చాలని చూస్తున్నాను. రెండు పనులకు ఆ వ్యవధి చాలదు. పాత గాలి లోపలే ఉండిపోతుంది, దాని మీద కొంచెం కొత్త గాలి చేరుతుంది. ఊపిరాడనట్లు అనిపించడానికి ముఖ్య కారణం ఆక్సిజన్ తగ్గడం కాదు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవడం. ఊపిరి తీసుకోమని మెదడు తొందరపెట్టేది ప్రధానంగా దాన్ని బట్టే. ఊపిరితిత్తులు నిండుగా ఉన్నా ఉక్కిరిబిక్కిరి అయ్యానంటే అదీ సంగతి. ఇది తెలిశాక నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నెల రోజులు పరుగెత్తమని చెప్పడానికి నోరొచ్చిన మనిషికి, "నీళ్ళలో ఊపిరి వదులుతున్నారా?" అని ఒక్క ప్రశ్న అడగడానికి ఎందుకు రాలేదు?

చిన్నప్పుడే ఈత వచ్చినవారు తాము ఎలా ఊపిరి తీస్తున్నారో మరిచిపోతారు. అందుకే వారికి అది నేర్పవలసిన విషయంగా కనిపించదు. అది క్షమించవచ్చు. కానీ నేర్చుకోవడానికి వచ్చిన మనిషి పదిసార్లు ఒకే చోట ఆగిపోతుంటే, నీళ్ళలోకి దిగి అతని ముఖం దగ్గర ఏం జరుగుతోందో చూడకపోవడం క్షమించరాని బద్ధకం. పెద్ద వయసులో వచ్చేవారు అసలే బెరుకుతో వస్తారు. నాతో పాటు చేరిన ఏడుగురిలో నలుగురు రెండో నెలకే మానేశారు. వారిలో ఎంతమంది తమకు దమ్ము లేదనుకుని వెళ్ళిపోయారో అని తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

మరుసటి రోజు నుంచి నేను బ్యాచ్ సమయం మార్చుకుని ఒంటరిగా సాధన చేశాను. వారం రోజులు ఈదనే లేదు. గోడ పట్టుకుని, నోరు తెరిచి గాలి పీల్చి, ముఖం ముంచి, ముక్కుతో "మ్‌మ్‌" అని సన్నగా రాగం తీస్తూ నాలుగు లెక్కపెట్టేదాకా వదలడం. ఇలా ఇరవై సార్లు, కాస్త ఆగి మళ్ళీ ఇరవై సార్లు. రాగం తీస్తుంటే గాలి దానంతటదే పోతుంది, ముక్కులోకి నీళ్ళు రావు. ఆ తరువాత కిక్‌బోర్డు అనే తేలే పలక పట్టుకుని అదే పని. ఆ తరువాతే చేతులు.

రెండో తప్పు తలలో ఉంది. గాలి కోసం నేను తలను పైకెత్తుతున్నాను. తల లేస్తే నడుము దిగుతుంది, నడుము దిగితే ముందుకు సాగడం కష్టం, ఎందుకంటే నీరు గాలి కంటే సుమారు 800 రెట్లు చిక్కన. చేయవలసింది ఎత్తడం కాదు, దొర్లడం. భుజం, నడుము, తల కలిసి పక్కకు తిరగాలి. ఒక గాగుల్ నీటి పైన, ఒకటి నీటి లోపల ఉండాలి. రెండు కళ్ళకూ పైకప్పు కనిపిస్తోందంటే ఎక్కువ తిరిగినట్లే. ముందుకు చాచిన చేతిని ఆ సమయంలో కిందికి నొక్కకుండా చాచే ఉంచాలి. ఇది రావడానికి నాకు మూడు వారాలు పట్టింది. చాలా నీళ్ళు మింగాను.

మూడోది, ఆ "కాళ్ళు కొట్టండి" సంగతి. తొడల కండరాలు పెద్దవి, ఆక్సిజన్‌ను అవే ఎక్కువగా తినేస్తాయి. కొత్తగా నేర్చుకునేవారు ఎంత బాదినా దానివల్ల పెరిగే వేగం అంతంతమాత్రం. దూరం వెళ్ళాలంటే కాళ్ళు నడుమును నిలబెట్టేంత మేరకు ఆడితే చాలు. నేను కాళ్ళు నెమ్మదించిన రోజునే మొదటిసారి అవతలి గోడ తాకాను. రెండు చేతులతో ఆ పలకల అంచు పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాను. కళ్ళు చెమర్చాయి.

బ్రెస్ట్‌స్ట్రోక్ తేలిక కదా, అది నేర్చుకోవచ్చు కదా అని కొందరు అడిగారు. ప్రతి బారకూ తల పైకి వస్తుంది కాబట్టి ఊపిరికి అది సుఖమే. అదేదో తక్కువ రకం ఈత అన్నట్లు మాట్లాడేవారి మాట వినకండి. 1875లో మాథ్యూ వెబ్ అనే ఈతగాడు ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య ఉన్న ఇంగ్లిష్ చానెల్‌ను దాదాపు 22 గంటల్లో దాటింది బ్రెస్ట్‌స్ట్రోక్‌తోనే. కానీ అందులో కాళ్ళు కప్పలా విడదీసి తన్నడం వల్ల మోకాలి లోపలి వైపు ఒత్తిడి పడుతుంది. నా మోకాలికి అది పనికిరాదు.

అక్కడి నుంచి పని నెమ్మదిగా సాగింది. ఒక ల్యాపు, అర నిమిషం విశ్రాంతి, ఇలా ఎనిమిది. రెండు వారాల తరువాత రెండేసి ల్యాపులు. ఆ తరువాత నాలుగేసి. వారానికి నాలుగు రోజులు, రోజుకు నలభై నిమిషాలు. పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, నాది ఆ లెక్క దాటింది. ఈత ఎముకల మీద బరువు వేయదు కాబట్టి, వాటి బలం కోసం వారానికి రెండు రోజులు ఇంట్లో బరువులు ఎత్తుతున్నాను.

ఫలితం కావాలా? మొదటి రెండు నెలలు బరువు గ్రాము కూడా తగ్గలేదు. ఈత తరువాత వేసే ఆకలి మామూలు ఆకలి కాదు, దానికి లొంగిపోయాను. తిండి సరిచేసుకున్నాక మూడు కిలోలు తగ్గాను. పొద్దున లేవగానే చూసుకునే నాడి 84 నుంచి 72కు వచ్చింది. మోకాలు మళ్ళీ వాయలేదు.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. స్నానం చేయకుండా కొలనులో దిగేవారిని రోజూ చూస్తున్నాను. కళ్ళు మండేది, ఘాటు వాసన వచ్చేది క్లోరిన్ ఎక్కువై అని అందరూ అనుకుంటారు. నిజానికి క్లోరిన్ మన చెమటతోను, మూత్రంతోను కలిసి తయారయ్యే క్లోరమీన్ల పని అది. ఒక్క నిమిషం షవర్ కింద నిలబడితే అందరి కళ్ళూ చల్లగా ఉంటాయి. అలాగే, నీటి కింద ఎవరు ఎక్కువసేపు ఉంటారని పందెం వేసుకుని, ముందుగా గబగబా పది గాలులు పీల్చి మునిగే కుర్రవాళ్ళను దయచేసి ఆపండి. అలా పీలిస్తే కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి, ఊపిరి కావాలన్న హెచ్చరిక సకాలంలో రాదు. నీటి కిందే స్పృహ తప్పుతుంది. బాగా ఈత వచ్చినవారు కూడా ఇలా చనిపోతారు.

ఈ ఉదయం పద్నాలుగో ల్యాపు దగ్గర లెక్క తప్పానేమో అనుకున్నాను. ఆగలేదు. ముందు చూసినప్పుడు కోచ్ ఒడ్డున ఉన్నాడు, ముగిశాక చూస్తే అక్కడ లేడు. అతను చూశాడో లేదో తెలియదు. చూసి ఉంటే బాగుండేదని మాత్రం అనిపించింది.

ఎడమ వైపు ఊపిరి ఇంకా రావడం లేదు. అటు తిరిగితే నోట్లోకి నీళ్ళే వస్తున్నాయి. రేపు మళ్ళీ గోడ దగ్గరి నుంచి మొదలుపెట్టాలి, ఈసారి ఎడమ వైపు.